ముప్పై దాటినవాళ్ల పందెం

అతను చనిపోయాడన్న కబురు అతనిది కాని పేరుతో వచ్చింది. ఫోను చేసినవాడు కువైట్‌లో షుఐబా క్యాంపులో మాకు వంట చేసినవాడు. ఆ పేరు చెప్పి, "పోయినాడంట బ్బా. ఆ దగ్గుతోనే" అన్నాడు. "అట్లనా" అని ఫోను పెట్టేసి, మోకాళ్లకు నూనె రాసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఆ పేరు అతని అన్నది. ఆ అన్న ఇప్పటికీ రాయచోటిలో టీ అంగడి నడుపుకుంటున్నాడు. అసలు పేరు క్యాంపులో నా ఒక్కడికే తెలుసు. ఏది రాసినా ఒకటి తప్పవుతుంది కాబట్టి ఇక్కడ రెండూ రాయను.

డెబ్బైల చివర మా కడప జిల్లాలో ఇదేం వింత కాదు. వీసా ఒకరి పేరున వచ్చేది, విమానం ఇంకొకరు ఎక్కేవాళ్లు. వాళ్లన్నకు వీసా వచ్చాక ఛాతీలో మచ్చ ఉందని డాక్టరు ఆపేశాడు. చేతికొచ్చిన వీసాను ఎవరు వదులుకుంటారు? ఏజెంటు అన్న పేరు మీదే తమ్ముడి ఫోటోతో పాస్‌పోర్టు చేయించాడు. పదిహేడేళ్లవాడు ఒక్క సంతకంతో ఇరవై ఆరేళ్లవాడై బొంబాయిలో విమానం ఎక్కాడు. పదో తరగతి పరీక్షల ఫలితాలు కూడా అప్పటికింకా రాలేదు.

నేనేం తక్కువ తినలేదు. నేను డిగ్రీ తప్పాను. మా పెదనాన్న కొడుకు పాసయ్యాడు. అతని పేరు, అతని సర్టిఫికెట్టు పట్టుకుని ఆ కాంట్రాక్టు కంపెనీలో టైమ్ కీపరు ఉద్యోగంలో చేరాను. పొద్దున ఎవరు బస్సెక్కారో, సాయంత్రం ఎవరు దిగారో రాసుకోవడం నా పని. మా ఏజెంటు తెచ్చిన పన్నెండు మందిలో ఐదుగురివి ఇట్లాంటి కాగితాలే. అందరం ఒకరి గుట్టు ఒకరు దాచుకుంటూ బతికేవాళ్లం.

అతను నన్ను 'అన్నా' అనేవాడు. కాగితాల ప్రకారం నాకంటే రెండేళ్లు పెద్దవాడు. ఆఫీసులో మలయాళీ గుమస్తా ఒకాయన ఉండేవాడు, ఆయనకు అన్న అంటే ఏమిటో తెలుసు. "ఆఫీసు ముందర నన్ను అన్నా అనొద్దురా" అని ఎన్నిసార్లు చెప్పానో. "సరే అన్నా" అనేవాడు.

అతన్ని తలుచుకుంటే నాకు ముందు ముఖం గుర్తుకు రాదు, ఎడమచేతి పిడికిలి గుర్తుకొస్తుంది. అందులో ఖర్జూరం గింజలు ఉండేవి. తెల్లవారక ముందే లేచి, బస్సు వచ్చేలోగా క్యాంపు కంచె చుట్టూ పరిగెత్తేవాడు. ఒక చుట్టు నాలుగు వందల మీటర్లని అడుగులతో తనే కొలుచుకున్నాడు. పన్నెండున్నర చుట్లయితే అయిదు వేల మీటర్లు. పన్నెండు గింజలతో బయల్దేరి, చుట్టుకొకటి గేటు దగ్గర పడేసేవాడు. గింజలన్నీ అయిపోయాక ఆ చివరి అర చుట్టు మాత్రం రెండు చేతులూ విప్పి పరిగెత్తేవాడు. పళ్లు తోముకుంటున్నవాళ్లు కూడా తోమడం ఆపి చూసేవాళ్లు. నేను కూడా చూసేవాణ్ణి, రోజూ కాదు గానీ.

"ఇస్కూల్లో అయితే చింతగింజలన్నా. ఈడ యాడ దొరకతాయి" అనేవాడు. "మా డ్రిల్లు సారు నేర్పిచ్చె. లెక్క చేతిలో పెట్టుకోరా, తలకాయి ఖాళీగా పెట్టుకో, అని."

ఆ డ్రిల్లు సారు కథ క్యాంపులో అందరికీ నోటికొచ్చు. ఎనిమిదో తరగతిలో బడికి ఆలస్యంగా వచ్చాడని సారు గ్రౌండు చుట్టూ పరిగెత్తమన్నాడట. ఎన్ని చుట్లో చెప్పలేదు. సారు భోజనానికి పోయి, చెట్టు కింద కాసేపు కునుకు తీసి వచ్చి చూస్తే వీడు ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు. "ఏంరా, నిలబడలేదా?" అంటే, "మీరు చాలు అనలేదు కదా సార్" అన్నాడట. ఆ సాయంత్రమే సారు తన డబ్బుతో నిక్కరు కొనిచ్చాడు. రెండేళ్లలో తాలూకా, తర్వాత జిల్లా. జిల్లాలో మొదటివాడు. రాష్ట్రం పోటీలకు ఎంపికయ్యాడు. ఆ పోటీలు జరిగిన వారమే అతను బొంబాయిలో ఏజెంటు గదిలో పడుకుని విమానం కోసం ఎదురుచూస్తున్నాడు.

ఈ చివరి సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే చెప్పేవాడు. అడిగినవాడు అయ్యో అంటే, "పోనీలే బ్బా, ఆడ గెలిచినా కడాకు ఈడికే కదా వచ్చేది" అనేవాడు.

పనిలోనూ అంతే, చాలు అని ఎవరైనా అనేదాకా ఆపేవాడు కాదు. అతనిది చమురు ట్యాంకులు శుభ్రం చేసే గుంపు. ట్యాంకు ఖాళీ చేశాక అడుగున నల్లటి మడ్డి మోకాలి లోతు ఉంటుంది. నడుముకు తాడు కట్టుకుని, మూతికి తడిగుడ్డ చుట్టుకుని లోపలికి దిగి, పారలతో ఎత్తి బకెట్లలో పైకి పంపాలి. అరగంటకొకసారి బయటికి రావాలని నియమం. అతను పిలిచేదాకా వచ్చేవాడు కాదు. పైనున్న మేస్త్రీ ఒక్కోసారి పిలవడం మరిచిపోయేవాడు. నేను నా పుస్తకంలో దిగిన టైము రాసి, ఎక్కిన టైము కోసం ట్యాంకు దగ్గరికి పోయి, "రేయ్, చాల్లే, పైకి రా" అని అరిచేవాణ్ణి. బయటికొచ్చి నల్లగా ఉమ్మి, "చాల్నా అన్నా?" అనేవాడు. ఐదేళ్లు గడిచేసరికి దగ్గు మొదలైంది. పొద్దున పరుగులో తొమ్మిదో గింజ దగ్గర ఒకసారి ఆగి దగ్గి, మళ్లీ అందుకునేవాడు.

ఈజిప్టు ఇంజనీరు ఒకాయన కొత్తగా వచ్చాడు. కుర్రతనంలో ఆయన కూడా పరుగు పందేల మనిషే. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుండేది. ఒకరోజు తెల్లారే సైటుకు వస్తూ కంచె పక్కన ఇతన్ని చూసి కారు ఆపాడు. ఆరో గింజ దగ్గర నుంచీ చివరి అర చుట్టు దాకా కదలకుండా నిలబడి చూశాడు. తర్వాత పిలిచి ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కాగితం, అడిగాడు. అందులో వయసు చూసి నవ్వాడు.

"తుమ్ బత్తీస్? మాఫీ," అన్నాడు వచ్చీరాని హిందీలో అరబ్బీ కలిపి. నీకు ముప్పై రెండా, కాదు పో, అని.

అప్పటికి అతనికి నిజంగా ఇరవై మూడు.

ఇంజనీరు చెప్పింది ఇదీ. కంపెనీల మధ్య పరుగు పందేలున్నాయి. మన తరఫున పరిగెత్తేవాణ్ణి ట్యాంకు పని నుంచి తీసేసి దజీజ్‌లో ఉన్న మన గోడౌనుకు మారుస్తారు. అక్కడ ఏసీ ఉంది, స్టోరులో కూర్చునే పని. కానీ పాతికేళ్ల లోపు వాళ్లకే అవకాశం. నీ కాగితంలో ఏదో తప్పు పడినట్టుంది. ఊరి నుంచి తెచ్చిన కాగితం ఏదైనా ఉంటే చూపించు, ముదీర్‌తో నేను మాట్లాడతాను. ముదీర్ అంటే మా మేనేజరు.

ఆ సాయంత్రం అతను నా గదికి వచ్చాడు. ఇనప పెట్టెలో బట్టల అడుగున దాచుకున్న జిల్లా పందెం సర్టిఫికెట్టు తెచ్చాడు. అదొక్కటే మిగిలిందట, తక్కినవి ఇంట్లో మిద్దె కారి తడిసిపోయాయి. పసుపుపచ్చ అట్ట, నాలుగు వైపులా పూల అంచు. మధ్యలో అతని అసలు పేరు, తండ్రి పేరు, బడి పేరు, పుట్టిన తేదీ.

"అన్నా, ఇది చూపిస్తే చాలంట. ట్యాంకు తప్పిపోతాది," అన్నాడు. అంత సంతోషం అతని ముఖంలో అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

నేను లేచి గది తలుపు మూశాను. "నీకేమన్నా పిచ్చా? ఇందులో పేరే వేరేరా. ఇంజనీరు మంచోడే. ముదీర్ మంచోడా? పేరు కాదు, వయసు కాదు, మరి నువ్వెవడివి అని అడిగితే ఏం చెప్తావు? నిన్ను జైల్లో పెట్టి పంపిస్తారు. తర్వాత ఏజెంటు ఎవరని అడిగి మిగతా పదకొండు మందివీ తీస్తారు."

"నేనొక్కణ్ణే అని చెప్తా అన్నా."

"నువ్వు చెప్తే వింటారా?"

పదకొండు మంది అన్నాను గానీ, భయం నాదే. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతని కాగితం చూడగానే నా డిగ్రీ కాగితం గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, అలసట తప్ప.

అతను చాలాసేపు ఆ అట్ట వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే పెట్టుకో అన్నా. నాకాడ ఉంటే నేను చూపిచ్చేస్తా."

రెండు రోజులకు గదులు తనిఖీ చేస్తారని పుకారు పుట్టింది. నా పెట్టెలో రెండు సర్టిఫికెట్లున్నాయి. ఒకటి నాది కాని నా డిగ్రీ, అబద్ధం. ఒకటి అతనిది, నిజం. నేను నిజాన్ని తీసుకుని మెస్సు వంటగదిలోకి పోయాను. వంటవాడు బియ్యం కడగడానికి బయటికి పోయినప్పుడు స్టవ్వు మీద పెట్టాను. మందం అట్ట, తొందరగా అంటుకోలేదు. చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ తనిఖీ చివరికి జరగనే లేదు.

చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్తే కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను మంచం అంచున కూర్చుని కాలి గోళ్లు గిల్లుకుంటూ విన్నాడు.

"కాల్చే ముందర చదివినావా అన్నా?"

"చదివినా."

"మొత్తం?"

"మొత్తం చదివినా."

"అయితే సరేలే," అన్నాడు. "ఎవురో ఒకరు చదివినారు కదా."

ఇంజనీరుకు కాగితం లేదని చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం దజీజ్ గోడౌన్ల వెనక ఖాళీ మైదానంలో కంపెనీ ఆటల పోటీలు పెట్టారు. ఆయన ఇతని పేరు ముప్పై దాటినవాళ్ల పందెంలో రాయించాడు. కాగితం ప్రకారం అదే కదా అతని చోటు. కానీ ఆయన మనసులో మాట నాకు అర్థమైంది. ఆ వయసువాడు పరిగెత్తలేనంత వేగంగా పరిగెత్తితే, ఆ స్టాప్‌వాచీ పట్టుకుపోయి ముదీర్ ముందు పెడతాడు, కాగితాలు తిరగదోడిస్తాడు. మేలు చేద్దామనే. ఆయనకేం తెలుసు.

పందానికి ముందు అతన్ని గోడౌను పక్కకు పిలిచాను. గింజలు లెక్కపెట్టుకుంటున్నాడు, ఎనిమిది చుట్ల పందెం అది.

"ఒక మాట చెప్తా, తిట్టుకోవద్దు. గెలవొద్దురా."

అతను ఇంకో గింజ పిడికిట్లో వేసుకున్నాడు.

"గెలిస్తే తవ్వుతారు. మధ్యలో ఉండు. అందర్లో ఒకడిగా ఉండు, అంతే."

"నాకు మెల్లిగ పరిగెత్తేది రాదన్నా," అన్నాడు. అది గొప్పకు అన్న మాట కాదు. నిజంగా ఇబ్బంది పడుతూ అన్నాడు.

పరిగెత్తారు. పాకిస్తానీ డ్రైవర్లు, ఒక ముసలి మేస్త్రీ, పొట్టలున్న ఫోర్‌మన్లు. వాళ్ల మధ్యలో అతను. మొదటి చుట్టులో అలవాటు కొద్దీ ముందుకు పోయాడు. జనం "యల్లా, యల్లా" అని కేకలు వేశారు. మలుపులో నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అంతే, అడుగు కుదించుకున్నాడు. కాళ్లు కట్టేసిన మేకలాగా, పడి, లేచి, పక్కవాడు దాటిపోయేదాకా ఆగి, అట్లా ఏడు చుట్లు. చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను కూడా. నాలుగోవాడుగా వచ్చాడు. ఇంజనీరు వాచీని చొక్కా లోపల వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కాడు. అంతటితో ఖలాస్.

అతను నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చెమట కూడా పట్టలేదు. ఎడమచెయ్యి చాచి పిడికిలి విప్పాడు. ఎనిమిది గింజలూ అందులోనే ఉన్నాయి. ఒక్కటి కూడా పడేయలేదు.

"చాల్నా అన్నా?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి కంచె చుట్టూ పరుగు లేదు. పళ్లు తోముకునేవాళ్లు కొన్నాళ్లు అడిగి మానేశారు. ట్యాంకు పని మాత్రం మానలేదు, మరో మూడేళ్లు దిగాడు. నేను టైము రాసేవాణ్ణి. పిలవడం ఎన్నడూ మరిచిపోలేదు. నేను చేయగలిగింది అదొక్కటే అయింది.

కానీ శుక్రవారాల్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. బట్టలుతుక్కుని, తిని, అందరూ నడుం వాల్చిన వేళ నా మంచం పక్కకు వచ్చి కూర్చునేవాడు. "అన్నా, ఆ కాగితంలో ఏముండె, చెప్పు" అనేవాడు. మొదటిసారి ఎత్తిపొడుస్తున్నాడేమోనని ఒళ్లు మండింది. ముఖం చూస్తే అట్లా లేదు. చెప్పాను. జిల్లా పాఠశాలల క్రీడాపోటీలు. సీనియర్ బాలురు. ఇంటిపేరుతో సహా పేరు. అయిదు వేల మీటర్ల పరుగు. ప్రథమ స్థానం. పదహారు నిమిషాల నలభై సెకన్లు. కింద మూడు సంతకాలు, ఒకటి ఆకుపచ్చ సిరాతో. కళ్లు మూసుకుని వినేవాడు. "ఆకుపచ్చ సిరా హెడ్‌మాస్టరుది" అని తను ఒక మాట కలిపేవాడు. మూడేళ్లలో నాకు పద్యంలాగా వచ్చేసింది. ఒక్కోసారి ఓవర్‌టైం చేసొచ్చి విసుక్కుంటే, "పేరొకటి చెప్పు అన్నా, చాలు" అనేవాడు. క్యాంపులో అతని పేరుతో అతన్ని పిలిచింది ఆ శుక్రవారాల్లోనే.

ఎనభైల చివర్లో దగ్గు ఎక్కువై కాంట్రాక్టు తిరగరాయకుండా పంపేశారు. విమానాశ్రయానికి కంపెనీ పికప్పులో నేనే తోడు పోయాను. దారంతా దగ్గుతూనే ఉన్నాడు. లోపలికి పోయే ముందు, "నువ్వు మర్చిపోవద్దన్నా" అన్నాడు. తననా, కాగితాన్నా అని అడగలేదు. తర్వాత నేను కూడా వచ్చేశాను. అతను పెళ్లి చేసుకుని అత్తగారి ఊళ్లో ఇల్లరికం ఉన్నాడని తెలిసింది. మా ఇంటి నుంచి బస్సులో రెండు గంటలు. ఇన్నేళ్లలో ఒక్కసారీ పోలేదు. రేపు, మాపు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

కబురొచ్చిన రెండు వారాలకు పోయాను. అతని భార్య పంచలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కన గోడకు ఫోటో, కొత్త దండ. కువైట్‌లో కలిసి పనిచేశామని చెప్పగానే చేతిలో కాయలు కింద పెట్టింది.

"నువ్వేనా సామీ ఆ టైమ్ కీపరన్న? ఎప్పుడూ చెప్తాండె. కూకో, కూకో."

మజ్జిగ తెచ్చిచ్చింది. డాక్టరు నడవమంటే కల్లంలో చేతిలో చింతగింజలు పెట్టుకుని తిరిగేవాడట. ఊళ్లో పిల్లలు చూసి నవ్వేవాళ్లట.

"నేను పరుగు పందెంలో జిల్లాకు ఫస్టొచ్చినా అంటాండె. ఈ ఊర్లో చూసినోళ్లు ఎవురుండారు? కాగితమన్నా చూపీ అంటే, కువైట్‌లో చెదలు తినె అనె. నా కొడుకులు నగుతారు, అబ్బ కోతలు కోస్తాడని. నేను గూడా నగినా సామీ, అబద్ధమెందుకు చెప్పాల." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు చెప్పు. నిజమేనా?"

మా క్యాంపులో రేకుల గదులు, ఇనప మంచాలు. తొమ్మిదేళ్లకు పైగా ఉన్నాను, ఒక్క చెదపురుగును చూడలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఇంట్లో అబద్ధాలకోరు అనిపించుకుంటూ కూడా అతను నా పేరు చెప్పలేదు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను.

"నిజమేనమ్మా. ఆ కాగితం నేను చదివినా," అన్నాను. అట్లాగే మొత్తం చెప్పాను, ఆకుపచ్చ సిరా దాకా.

ఆమె కదలకుండా విన్నది. చివరికి, "అయితే రాసియ్యి సామీ. ఫోటో కింద పెట్టుకుంటా" అంది. మనవరాలి నోటుపుస్తకం, పెన్ను తెచ్చింది.

రాశాను. టైమ్ కీపరు అక్షరాలు, ఇంకా గుండ్రంగానే వస్తాయి. పోటీల పేరు, అతని అసలు పేరు, దూరం, స్థానం, సమయం. రాయడం అయిపోయాక కూడా పెన్ను మూయలేకపోయాను. కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను. "దీని అసలు కాగితాన్ని చెదలు తినలేదు. భయపడి నేనే కాల్చాను." దాని కింద, పెదనాన్న కొడుకు పేరు కాకుండా, నా పేరుతో సంతకం పెట్టాను.

ఆమె పేజీని వెలుతురుకు పట్టి చూసుకుంది. అతని పేరు ఎక్కడుందో చూపించమంది, చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉంది.

"కింద ఇదేంది సామీ, ఇంతగా రాసినావు?"

"సంతకమమ్మా," అన్నాను.

"నాకు చదువు రాదు. మా మనమరాలు నాలుగింటికి ఇస్కూల్నించి వస్తాది, చదివిచ్చుకుంటా. సంగటి చేస్తా, తిని పోదువు. అది వచ్చేదాకా ఉండు. జేజినాయన సంగతి నీ నోటితోనే చెప్దువు."

మూడింటికి బస్సుందని చెప్పి లేచాను. ఆ ఊరికి మూడింటికి బస్సు లేదని ఆమెకు తెలుసు.